పెట్టెకూ పలకకూ నడుమ

సెప్టెంబరు 15, గురువారం. భాద్రపద బహుళ తదియ. జనగామ.

ప్రత్యేక రాష్ట్రం కోసం మొదలైన సమ్మెకు ఇది మూడవ దినం. ఊరిలో చప్పుడు తగ్గింది, మాటలు పెరిగాయి.

సాయంకాలం యుగేందర్ వచ్చాడు. డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాడు, ప్రస్తుతం సమ్మెలో ఉన్నాడు, ఉద్యమ పాటలు పాడే ధూంధాం దళానికి నాయకుడు. ఒకప్పుడు నా శిష్యుడు కనుక నా ఎదుట ఇప్పటికీ కుర్చీలో వెనక్కి ఆనుకోడు.

“సారూ, మా దళంల ఒక పంచాయితీ పడ్డది. మీరే తెంపాలె.”

పంచాయితీ ఒక యంత్రం గురించి. దళంలో గిటారు వాయించే హరిలాల్ మానుకోట దగ్గరి తండా నుండి వస్తాడు. అతడు పట్నంలోని మిత్రుని వద్ద నుండి ఒక ప్రాసెసర్ తెచ్చాడు. రకరకాల ఆంప్లిఫయర్ల గొంతులు, ప్రతిధ్వనులు అన్నీ అందులోనే ఉంటాయట. గిటారును దానికి తగిలించి, దానిని నేరుగా మైకుసెట్టుకు కలిపితే చాలునట. ఇక దళంలోని యోహాను తన ఆంప్లిఫయర్ పెట్టెను ఊరూరా మోయనక్కర లేదు. దసరా వరకు పరీక్షించి, నచ్చితే ఉంచుకోవాలి, లేదా తిరిగి ఇచ్చివేయాలి.

“హరిలాల్ కావాలంటడు, నేను వద్దంట. మన పాట మట్టిల పుట్టింది, గా సర్కసు చప్పుళ్లు మనకెందుకు? సగం మంది అటు, సగం మంది ఇటు.”

“పెట్టె యోహానుది కదా. అతడేమంటాడు?”

“ఆయనే అన్నడు, పంతులుసార్‌ను అడుగుండ్రి, సార్ ఏదంటె గదే అని.”

గిటారుకూ నాకూ సంబంధం లేదు. అయినా ఎందుకు వచ్చారో తెలుసు. పద్యపఠన పోటీలో నా సొంత తమ్మునికి బహుమతి నిరాకరించిన న్యాయనిర్ణేతగా ఈ ఊరు నన్ను ఇప్పటికీ చెప్పుకొంటుంది. కొత్తగా వచ్చిన తహసీల్దారుకు కూడా ఎవరో చెప్పారట.

ఒప్పుకొన్నాను.

పోతూ పోతూ గడపలో నిలబడి యుగేందర్ మరొక మాట అన్నాడు. అక్టోబరు మొదట్లో భూపాలపల్లిలో, సమ్మెలో ఉన్న బొగ్గుగని కార్మికుల శిబిరం వద్ద పెద్ద ధూంధాం ఉన్నది. కనకయ్య ట్రాక్స్ బండి మాట్లాడారు. “పెట్టె లేకుంటె ఎనక ఒక సీటు కాళీ అయితది సారూ. మీరు రావచ్చు. మీ పద్యాలు గక్కడ పడాలె.” పెట్టె వస్తే చోటు లేదు. దానిని బండిపైన కట్టడానికి వీలులేదు, లోపల గాజు వాల్వులు ఉంటాయి.

ఆ చోటుకూ నా తీర్పుకూ సంబంధం లేదు.


సెప్టెంబరు 17.

ముందుగా పెట్టెను విన్నాను. చర్చి వెనుక గదిలో ఉంటుంది. యోహాను వీధి స్తంభాలెక్కి తీగలు సరిచేసే ఎలక్ట్రీషియను. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. పెట్టెను అతని తండ్రి పాత రేడియోల వాల్వులతో చర్చి పాటల కోసం కట్టాడట. టేకు చెక్క, ముందు ముతక గుడ్డ, మూలలకు ఇనుప పట్టీలు. మీట వేసిన వెంటనే పలకదు. ఒక దీపం ఎర్రబడుతుంది, ఆ పిమ్మట లోపలెక్కడో గురగుర మొదలవుతుంది, అటుపైన స్వరం.

మంద్రంలో గంభీరంగా ఉన్నది. తారంలో జీర. మధ్యలో కరెంటు తగ్గినప్పుడు స్వరం కూడా కుంగింది.

“ఓల్టేజి తక్కువైతె అలుగుతది సారూ. మా నాయిన గూడ గంతే, అన్నంల ఉప్పు తక్కువైతె మాట్లాడకపోతుండె.”

“ఇది లేకుండా దళం వెళ్తే నీకు బాధ ఉండదా?”

“నాదేమున్నది సారూ. మీరేదంటె గదే.” మీట ఆర్పి, “జర జల్ది చెప్పుండ్రి,” అన్నాడు.

నడుము కింద ఒక చేయి ఆనించుకొని నిలబడి ఉన్నాడు. ఆత్రం సహజమే. తండ్రి చేతి పనిపైన తీర్పు కదా.


సెప్టెంబరు 19.

బస్సులు కూడా ఆగిపోయాయి.

భూపాలపల్లికి రైలు మార్గం లేదు. అంటే ఆ ట్రాక్స్ తప్ప ఇక దారి లేదు. ఊరికే రాసుకొంటున్నాను.


సెప్టెంబరు 22, గురువారం. మానుకోట నుండి వచ్చిన తరువాత.

రైళ్లు ఇంకా నడుస్తున్నాయి కనుక ఈ రోజే వెళ్లివచ్చాను. కేసముద్రంలో బండి ఆగినప్పుడు మార్కెట్టు యార్డు కనబడింది. లారీలు వరుసగా నిలిచి ఉన్నాయి. డ్రైవర్లు వాటి నీడలో పేకాడుతున్నారు. ఒకడు రైలుకేసి చేయి ఊపాడు, ఎవరికో తెలియదు.

హరిలాల్ స్టేషనుకు మోటారు సైకిలు తెచ్చాడు. ముప్పయి దాటని వాడు, పొడుగరి, మాట్లాడేటప్పుడు కూడా ఎడమచేతి వేళ్లు లేని తంత్రులను నొక్కుతుంటాయి. తండాలో అతని తల్లి తుల్సీబాయి మంచం వాల్చి దాని మీద దుప్పటి పరిచింది. నేను చల్ల తప్ప ఏమీ తీసుకోనని ముందే చెప్పి ఉంచాడు కాబోలు, పెద్ద చెంబు చల్ల సిద్ధంగా ఉన్నది.

యంత్రం చూడడానికి బడిపిల్లల పలక వలె చదునుగా ఉన్నది. దాని మీద కాలితో నొక్కే మీటలు. ఒక పక్క పాదం ఆనించి వంచే చెక్క. నడుమ అక్షరాలు వెలిగే చిన్న తెర. ఇకపై దీనిని పలక అనే రాస్తాను.

“సారూ, గిండ్ల ఒక్క పెట్టె గాదు, పెట్టెల అంగడే ఉన్నది. గిది సన్నగ పలికే రకం. గిది గట్టిగ మొత్తుకునే రకం. గిది సినిమాలల్ల వచ్చేది.” ఒక్కొక్క మీట నొక్కి వినిపించాడు. గది మారకుండానే గది మారినట్లయింది. ఒకసారి రేకుల కొట్టం, ఒకసారి పెద్ద సభాభవనం, ఒకసారి మోటబావి. పాదం కింద చెక్కను వంచినప్పుడు తీగ పసిబిడ్డ వలె గారాలు పోయింది.

“ఏందిరా అది, పిల్లి లెక్క?” అన్నది తుల్సీబాయి.

“వా అంటరు యాడీ దాన్ని,” అన్నాడు. తండా మాటలో యాడీ అంటే అమ్మ.

“వా అంటె వా అనే ఏడుస్తాంది.”

తరువాత హెడ్‌ఫోన్ పెట్టుకొని వాయించి చూపాడు. మాకు తంత్రుల మీది గోటి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పక్కింటిలో బాలింత ఉన్నదట, రాత్రిళ్లు ఇలాగే సాధన చేస్తాడట.

“మంచిదే గని,” అన్నది తల్లి, “పాట ఒక్కడే ఇనుడేంది? ఒక్కడే దావతు చేసుకున్నట్టు.”

ఆ మాటకు హరిలాల్ నవ్వాడు, నేనూ నవ్వాను. కాని అది పలక దోషం కాదు, చెవులకు తొడిగినదాని దోషం.

కరెంటు పోయింది. బొగ్గు రావడం ఆగినప్పటి నుండి రోజూ ఇదే. పలకలో చిన్న సెల్లులు వేశాడు, తెర మళ్లీ వెలిగింది. యోహాను పెట్టె ఈ సమయంలో కేవలం టేకు చెక్క.

చివరకు నేను కోరినది చేశాడు. యోహాను పెట్టె గొంతును పలకలో దింపాడు. ముందే దింపి ఉంచాడట, యోహానే పక్కన కూర్చొని చెప్పాడట, ఇంకా జీర కావాలి, ఇంకా గురగుర కావాలి అని. తన పోటీదారుకు తానే పాఠం చెప్పిన మనిషి. కళ్లు మూసుకొని విన్నాను. భేదం తెలియలేదని రాస్తే అసత్యం. తెలిసింది. పెట్టెలో కరెంటుతో పాటు కుంగే స్వరం పలకలో కుంగలేదు. మంద్రంలో గాంభీర్యం కొంచెం తక్కువ, అది గుడ్డ వెనుక నుండి గాలిని తోసే పెద్ద స్పీకరు చేసే పని. తారంలో పలకే తేట.

అనుకరణ కనుక హీనమని అనలేను. నటుడు రాజు కాడు, అయినా నాటకంలో మనకు నటుడే కావాలి, అసలు రాజు వచ్చి నిలబడితే రసం చెడుతుంది.

పలకే మేలు. ఇక్కడ స్పష్టంగా రాసి ఉంచుతున్నాను.


సెప్టెంబరు 23.

నిన్న రైలులో తిరిగి వస్తూ భూపాలపల్లి సభను ఊహించాను. నా జీవితంలో నేను చదివిన పద్యాలన్నీ గ్రంథాలయ మందిరాలలో, తెలుగు శాఖల వార్షికోత్సవాలలో, కుర్చీలే ఎక్కువగా వినే సభలలో చదివినవి. వేలమంది నేల మీద కూర్చుని ఉండగా ఒక తేటగీతి ఎలా నడుస్తుందో నాకు తెలియదు. డెబ్బయి దాటిన మనిషికి తెలియకపోయినా నష్టం లేదు.

కాజీపేట వచ్చేవరకు ఆ ఊహ వదలలేదు. ఆనందంగా ఉన్నది. అదే నాకు నచ్చలేదు.

పలకే మేలన్న నిర్ణయం విన్నప్పుడు కలిగినదా, రైలులో కలిగినదా? విన్నప్పుడే. నిన్నటి పుట తీసి మళ్లీ చదివాను. విన్నప్పుడే.


సెప్టెంబరు 24.

రైళ్లూ ఆగాయి.


సెప్టెంబరు 25, ఆదివారం.

ఉదయం నుండి రాసి, కొట్టి, మళ్లీ రాసి ఒక తేటగీతి నిలబెట్టాను. సమాసాలన్నీ తీసివేశాను. గని నుండి వచ్చినవాడు నిఘంటువు వెదకడు.

నేల లోతుల చీకట్ల నిలిచి తవ్వి
యూరి దీపాలు వెలిగించు నోయి యన్న
నీదు చేతిలో తట్టను నిలుపు నాడు
పట్టణమ్ముల రాత్రికి పగలు లేదు

భోజనానికి కూర్చుంటూ సుమిత్రకు వినిపించాను. నా భార్యకు ఛందస్సు రాదు, కాని యతి తప్పితే ముఖం చిట్లిస్తుంది. చిట్లించలేదు.

“మంచిగుంది. యాడ చదువుతరు?”

“చదవడానికి రాయలేదు.”

“భూపాలపల్లిల అయితె బాగుంటది.”

“పెట్టె వెళ్తే నాకు చోటు ఉండదు.”

“అయితె పెట్టె పోదు, మీరు పోతరు. తీర్పు మీదే గదా.” పప్పు వడ్డిస్తూ నవ్వింది. “తమ్మునికి ప్రైజు ఇయ్యనోరు మీకు మీరు సీటు ఇచ్చుకుంటరా ఏంది?”

హాస్యానికే అన్నది. హాస్యమని నాకు తెలుసు.

పప్పులో ఉప్పు ఎక్కువైందని అన్నాను. కాలేదట.


సెప్టెంబరు 26.

యుగేందర్ వచ్చి తీర్పు అడిగాడు. పితృపక్షాలు నడుస్తున్నాయి, కొత్త వస్తువు విషయం ఇప్పుడు నిశ్చయించరాదు, రేపు పెత్రమాస, పెద్దల అమావాస్య, దాటనీ అని చెప్పాను. భక్తితో తల ఊపి వెళ్లాడు.

పరీక్షకు తెచ్చిన వస్తువు కొన్న వస్తువు కాదు. నిర్ణయం చెప్పడానికి ఏ తిథీ అడ్డు రాదు. ఈ సంగతి అతనికి చెప్పలేదు.

పలకను మనసులోనే మళ్లీ పరీక్షించాను. కొన్ని దోషాలు తోచాయి. ఎంపిక మితిమీరి ఉన్నది. కవికి అన్ని అలంకారాలూ ఒక్క మీట దూరంలో ఉంటే కావ్యం నగల దుకాణం అవుతుంది. చీకటి వేదిక మీద కాలు ఒక మీటకు బదులు మరొక మీట నొక్కే ప్రమాదం ఉన్నది. తెరలోని అక్షరాలు చిన్నవి. పెట్టె చెడితే యోహాను విప్పి బాగుచేస్తాడు, పలక చెడితే పట్నానికి పంపాలి. ఇవి నిజమైన దోషాలే. మానుకోటలో ఇవి ఎందుకు తోచలేదో తెలియదు.


సెప్టెంబరు 27. భాద్రపద అమావాస్య.

తర్పణాలు ముగిశాయి. సాయంకాలం వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ. చప్పట్లు మా గదిలోకి వినబడుతున్నాయి. వాటిని ఏ యంత్రమైనా అనుకరించగలదా అని ఆలోచించాను. అనుకరించగలదు, కాని ప్రశ్నను ఆ విధంగా అడగడం నాకు ఇప్పుడు అనుకూలంగా ఉన్నది.

యోహానును కూడా తలచుకొన్నాను. తండ్రి కట్టిన పెట్టె. దానిని కాదంటే అతని మనసు ఎంత నొచ్చుకొంటుంది! ఇంతవరకు ఈ కోణం చూడలేదు.


సెప్టెంబరు 28, బుధవారం. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి.

చౌరస్తాలోని దీక్షా శిబిరంలో దళం అంతా కూర్చున్నది. నాకు కుర్చీ వేశారు. తీర్పు చెప్పాను.

పెట్టెనే ఉంచుకొమ్మన్నాను. అనుకరణ ఎంత నిపుణమైనా అనుకార్యాన్ని మించజాలదనీ, వాల్వు వేడెక్కే వరకు ఆగే సహనంలోనే స్వరానికి ప్రాణం ఉన్నదనీ, ఉద్యమ గానానికి నునుపు కన్నా జీర తగినదనీ చెప్పాను. చాలాసేపు మాట్లాడినట్లున్నాను. మంచినీళ్లు రెండుమార్లు ఇచ్చారు.

“నేను అదే అన్న గదా!” అని యుగేందర్ చేతులు చరిచాడు. హరిలాల్ నా వైపు కాక యోహాను వైపు చూశాడు. యోహాను తల వంచుకొన్నాడు. కృతజ్ఞత కాబోలు.

“సరే సారూ,” అన్నాడు. అంతే.

కనకయ్య, ట్రాక్స్ యజమాని, పక్కన నిలబడి వింటున్నాడు. “అయితె సార్‌కు సీటు లేనట్టేనా? మనిషంటె గిట్ల ఉండాలె. తన కడుపు కొట్టుకొని నాయం చెప్పిండు,” అన్నాడు.

ఆ మాట ఊరంతా తిరిగింది. సాయంకాలానికి కూరల అంగడిలో సుమిత్రకు కూడా ఎవరో చెప్పారు.


సెప్టెంబరు 29.

మనసు నిర్మలంగా ఉన్నది.


సెప్టెంబరు 30.

మనసు నిర్మలంగా ఉన్నది. పద్యాన్ని యుగేందర్‌కు ఇచ్చి పంపాలి, అతడే చదువుతాడు. అతనికి తేటగీతి ఎత్తుగడ రాదు, నాలుగు పాదాలనూ ప్రకటన చదివినట్లు చదువుతాడు. అయినా పంపాలి.


అక్టోబరు 2, ఆదివారం. భూపాలపల్లి.

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. క్రమంగా రాస్తాను.

పొద్దున బండి బయలుదేరే వేళకు పద్యం ఇవ్వడానికి చర్చి వద్దకు వెళ్లాను. నన్ను చూసి అందరూ దారి ఇచ్చారు. త్యాగం చేసిన మనిషికి ఇచ్చే దారి. అది నాకు ఇష్టంగానే ఉన్నది, దాచను.

యోహాను పెట్టెను గది నుండి తానే తెస్తున్నాడు. ఎవరినీ పట్టనివ్వడు. “వద్దు బిడ్డా, గాజు ఉన్నది,” అంటూ రెండు చేతులా పొట్టకు ఆనించుకొని మెట్లు దిగాడు. బండి వెనుక తలుపు దగ్గర దానిని ఎత్తబోయి ఆగాడు. పెట్టెను నెమ్మదిగా, ఏ శబ్దమూ రాకుండా నేల మీద పెట్టాడు. పిమ్మట దాని పక్కనే కూర్చొన్నాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది. చేయి నడుము కిందకు పోయింది.

హరిలాల్ పరుగెత్తి వచ్చి పట్టుకొన్నాడు. నీళ్లు తాగించాడు. తరువాత నా వైపు తిరిగాడు.

“సారూ, కోపం చేసుకోకుండ్రి. గా మిషిన్ నాకోసం తేలె నేను. ఈయనకు హెర్నియ ఉన్నది. బరువు లేపితె ఆపరేషనే అని దవాఖానల చెప్పిండ్రు. రెండు నెలలాయె.”

“హరీ,” అన్నాడు యోహాను కింద నుండి. “చెప్పనని ఒట్టు పెట్టినవు గదరా.”

“ఒట్టు సంగతి నేను సూసుకుంట. నువ్వు సచ్చినంక ఒట్టేం చేసుకోను?”

యుగేందర్ తల పట్టుకొన్నాడు. “అన్నా, ఒక్క మాట చెప్తె నేనే వద్దందును గద పెట్టెను!”

“ఎట్ల చెప్పుదు? మా నాయిన చేతి పని. నా నోటితోని వద్దని ఎట్ల అందును?” యోహాను నన్ను చూశాడు, నిష్ఠురం లేదు, అలసట మాత్రమే. “పంతులుసార్ అంటె మర్యాదగ ఉంటదనుకున్న. పెద్దమనిషి చూసి, ఇని, ఇగ చాలు అన్నడంటె నాయినకు గూడ చిన్నతనం గాదు. సార్ గట్లనే అంటరనుకున్న. మిషినే మంచిగుందని సార్‌కు తెలుస్తదనుకున్న.” కొంచెం ఊపిరి పీల్చుకొని, “గీ సంగతి బయట అనకుండ్రి. పోలు ఎక్కలేనని తెలిస్తె నాకు ఎవలు పని చెప్తరు?” అన్నాడు.

నలుగురు కలిసి పెట్టెను ఎక్కించే మార్గం ఉన్నది. దించేటప్పుడు మళ్లీ అతడే ముందుకు వస్తాడు, అక్కడ కూడా వద్దు బిడ్డా అంటాడు. అది అందరికీ తెలుసు. పైగా ఆ మార్గం ఎంచుకొంటే నా తీర్పు నిలబడుతుంది, అంతే తప్ప అది నిజం కాదు.

“నా తీర్పు తప్పు,” అన్నాను. “పలకే మేలు. మానుకోటలో విన్న రోజే నాకు తెలుసు.”

యుగేందర్ మొదట తేరుకొన్నాడు. “మరి మొన్న గంత ఉపన్యాసం ఎందుకిస్తిరి సారూ?”

నా దగ్గర జవాబు ఉన్నది. పెట్టె పోతే చోటు నాకు వస్తుంది కనుక, చోటు కోసమే అన్నానని మీరు అనుకొంటారని, మీరు అనుకోకపోయినా నేను అనుకొంటానని, నాకు వచ్చే లాభానికి భయపడి అతని శరీరాన్ని చూడలేదని. ఇంత పొడుగు వాక్యం నడివీధిలో చెప్పలేకపోయాను.

నా బదులు కనకయ్య అందుకొన్నాడు. మొన్న నన్ను మెచ్చుకొన్న నోటితోనే, “ఏమున్నది? సార్‌కు భూపాలపల్లి మీద మనసు పడ్డది. మూడు దినాలు ఓపిక పట్టిండు, పట్టలేకపోయిండు. కాళీ సీటు సూడంగనే శాస్త్రం మర్లవడ్డది!” అన్నాడు.

యోహానుతో సహా అందరూ నవ్వారు. అతని ముఖానికి రంగు రావడం చూసి నేను ఆ నవ్వును ఆపలేదు.

“రాండ్రి సారూ, ఎక్కుండ్రి,” అన్నాడు హరిలాల్.

‘నేను రాను, పలకను తీసుకొనిపోండి’ అనే వాక్యం నా నాలుక మీద సిద్ధంగా ఉన్నది. అంటే నవ్వు ఆగిపోయేది. కనకయ్య నొచ్చుకొని క్షమించమనేవాడు. తమ్మునికి బహుమతి ఇవ్వని మనిషి మళ్లీ ఊరికి దక్కేవాడు. ఎంత అందమైన వాక్యం! మొన్నటి ఉపన్యాసం కూడా ఇంత అందంగానే ఉన్నది.

ఎక్కి కూర్చొన్నాను.

పెట్టెను యుగేందర్, మరొకడు కలిసి తిరిగి గదిలోకి చేర్చారు. యోహాను పక్కనే నడిచి, దానిమీద చర్చి దుప్పటి కప్పి, తాళం వేసి వచ్చాడు. బండిలో నా ఎదుటి సీటు అతనిది. పరకాల దాటేవరకు కళ్లు మూసుకొని ఉన్నాడు. కాళ్లు బారగా చాపుకొన్నాడు, ఇన్నేళ్లూ ఆ చోట పెట్టె ఉండేది.

దారిలో యుగేందర్ ఫోను నుండి సుమిత్రకు చెప్పాను.

“ఎక్కిండ్రా?” అన్నది. “మొన్ననే ఒప్పుకుంటె ఉతికిన ధోతి కట్టుకొని పోతుంటిరి గదా.”

ఇక సభ. యంత్రం విషయం ముందు రాస్తాను, ఎందుకంటే నన్ను అడిగినది దాని గురించే. కరెంటు రెండుసార్లు పోయింది, జనరేటరు అందుకొనేలోపల పలక సెల్లుల మీద మేలుకొనే ఉన్నది, మళ్లీ మొదలుపెట్టడానికి క్షణం పట్టలేదు. గొంతు చివరి వరసకు తేటగా పోయిందని మైకుసెట్టు మనిషి చెప్పాడు. గాంభీర్యం తగ్గుతుందని నేను మానుకోటలో అనుకొన్నది ఇక్కడ వర్తించలేదు, మైకుసెట్టు స్పీకర్లే ఆ పని చేశాయి. దోషం కూడా కనబడింది. అమరుల పాట నడుమ హరిలాల్ కాలు పక్క మీట మీద పడి, గిటారు ఉన్నట్టుండి మోటబావిలో నుండి పలికింది. ముందు వరసలో ఒక కార్మికుడు, “ఎవలన్న తీయుండ్రి వాన్ని, బాయిల పడ్డడు!” అని అరిచాడు. ఏడుస్తున్నవారు కూడా నవ్వారు. ఆ పాట మళ్లీ మొదటి నుండి అందుకోవలసి వచ్చింది. యోహాను ఆ మీట మీద తన చేతిరుమాలు మడిచి అంటించాడు, ఇక కాలికి తగలలేదు.

మొత్తం మీద, ఉంచుకోదగినది.

తరువాత నన్ను పిలిచారు. హరిలాల్ షడ్జం ఒక్కటే సన్నగా నిలిపి ఉంచాడు. తేటగీతి చదివాను. మొదటి పాదానికి ముందు వరసలు తప్ప ఎవరూ వినలేదు, వెనుక ఎక్కడో భోజనాలు వడ్డిస్తున్నారు. రెండవ పాదానికి ఒక పక్క చప్పుడు తగ్గింది. నాలుగవ పాదం రాగం తీసి వదిలినప్పుడు, ఆ చీకటిలో నుండి ఎవరో, “ఇంకోపారి, పెద్దాయినా!” అన్నారు.

మళ్లీ చదివాను. రెండవసారి బాగా వచ్చింది.

వేలమంది ముందు తేటగీతి ఎలా నడుస్తుందో ఇప్పుడు తెలుసు. నిదానంగా నడుస్తుంది. ఆగి వెనక్కి చూసుకొంటుంది.


అక్టోబరు 4.

జనగామ. మోకాళ్లు నొప్పి. యోహాను ఆపరేషను దసరా తరువాత వరంగల్లులో, చుట్టాలింటికి పోతున్నానని చెప్పి వెళ్తాడట.


అక్టోబరు 6, గురువారం. విజయదశమి.

జమ్మి ఇవ్వడానికి రోజంతా మనుషులు వచ్చారు. చేతిలో ఆకు పెట్టి, కాళ్లకు మొక్కి, లేస్తూ లేస్తూ అందరిదీ ఒకే చిరునవ్వు. కనకయ్య మాట బండికన్నా ముందే ఊరు చేరింది. పంతులుసారు సీటు కోసం తీర్పు మార్చిండట. తమ్మునికి బహుమతి ఇవ్వని కథ ఈ రోజు ఒక్కరూ ఎత్తలేదు. బహుశా ఇక ఎత్తరు.

మధ్యాహ్నం సుమిత్ర తలుపు చాటుకు పిలిచింది. “యోహాను పానం బాగలేని సంగతి ఒక్కరికి చెప్పరాదుండ్రి. ఊకుంటది ఊరు.”

“అతడు చెప్పవద్దన్నాడు.”

“ఊరంత నవ్వుతాంది మిమ్ముల చూసి.”

“యోహాను సంగతి చెప్పినా కనకయ్య మాట అబద్ధం కాదు. వెళ్లాలనే నాకు ఉండింది.”

ఆమె నా ముఖంలోకి చూసి, వచ్చినవారికి బెల్లం పెట్టడానికి వెళ్లింది.

పొద్దు వాలే వేళ నా పాత సహోద్యోగి దయాకర్ వచ్చాడు. గణితం చెప్పేవాడు, ఏదీ ఊరికే నమ్మడు, లెక్క సరిచూసుకోవడానికే వచ్చాడు. జమ్మి నా చేతిలో పెట్టి చేయి వదలకుండా అడిగాడు.

“పురుషోత్తం, నిజం చెప్పు. సీటు కోసమేనట గదా?”

అతని వెనుక వాకిట్లో యోహాను జమ్మితో నిలబడి ఉన్నాడు. ప్రశ్న విని ఆగిపోయాడు. నోరు తెరవబోయాడు. నేను రెండవ చేయి ఎత్తి ఆపాను.

“అవునయ్యా,” అన్నాను. “కిటికీ పక్క సీటు.”